డీజే బాక్సు ముందు మా చిన్నాయన డప్పు

ఇవాళ్టి ముచ్చట గ్యాస్ లైటర్‌తో మొదలుపెడతా. మీ అందరి ఇళ్లల్లో పొయ్యి అంటించే టిక్ టిక్ లైటర్ ఉంటుంది కదా. దానికి బ్యాటరీ ఉండదు, కరెంటు వైరు ఉండదు. మరి నొక్కితే నిప్పురవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పుడైనా ఆలోచించారా? లోపల స్ప్రింగుతో పనిచేసే చిన్న సుత్తి లాంటిది ఒకటి ఉంటుంది. అది ఒక చిన్న ముక్కను ఠక్కున కొడుతుంది. ఆ దెబ్బకు ముక్కలో కరెంటు పుడుతుంది. వేల వోల్టులు వస్తాయి, కానీ రెప్పపాటు మాత్రమే. దీన్ని పీజో అంటారు. 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్ని రకాల స్ఫటికాలను నొక్కి చూసి ఈ సంగతి కనిపెట్టారు.

నొక్కితే కరెంటు వస్తుంది. మరి మెల్లగా తాకితే? కొంచెం వణికితే? అప్పుడు కూడా వస్తుంది, కాకపోతే కొంచెమే వస్తుంది. ఆ కొంచెం కరెంటును పెద్దది చేసి స్పీకర్‌కు ఇస్తే వణుకు మొత్తం శబ్దంగా వినిపిస్తుంది. కాంటాక్ట్ పికప్ అంటే ఇంతే. కొందరు కాంటాక్ట్ మైక్ అని కూడా అంటారు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది, ఆ చిన్న బిళ్లను మా చిన్నాయన డప్పుకు అంటించినప్పుడు ఏం జరిగిందో. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది కూడా చెప్తా.

ముందు నా గురించి రెండు మాటలు. మాది మెదక్. టౌన్‌లోనే ఉంటాం. చదువుకుంటూనే మూడేళ్లు డీజే వాళ్ల దగ్గర పనిచేశాను. పెళ్లి బరాత్‌లు, వినాయక నిమజ్జనాలు, బోనాల ఊరేగింపులు. బండి మీద బాక్సులు ఎక్కించడం, దించడం, వైర్లు కలపడం, జనరేటర్ చూసుకోవడం నా పని. రాత్రి పదకొండుకు ఇంటికొస్తే చెవుల్లో ఇంకా బాస్ మోగుతూనే ఉండేది.

మా చిన్నాయన డప్పు కొడతాడు. మా తాత కొట్టేవాడు, వాళ్ల నాయన కొట్టేవాడు. పెళ్లికైనా, చావుకైనా, బోనాలకైనా, ఊళ్లో ఏదైనా చాటింపు వేయాలన్నా డప్పే. శివరాత్రికి ఏడుపాయల జాతర జరుగుతుంది కదా, మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ దగ్గర, అక్కడికి కూడా మావాళ్లు డప్పులు తీసుకుని పోయేవాళ్లు. ఇందులో గౌరవమూ ఉంది, అవమానమూ ఉంది. డప్పు లేకుండా ఊళ్లో పని జరిగేది కాదు, డప్పు కొట్టినవాణ్ణి మాత్రం గడప బయటే నిలబెట్టేవాళ్లు. 1994లో మొదలైన మాదిగ ఉద్యమం తన పేరులోనే దండోరా అని పెట్టుకున్నది ఊరికే కాదు. ఏ చప్పుడు చేసినందుకు మనల్ని చిన్నగా చూశారో, ఆ చప్పుడునే పేరుగా పెట్టుకున్నారు. మన ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ పాటల వెనక కూడా ఆ డప్పే కదా మోగింది.

ఇప్పుడు అసలు ఇబ్బంది చెప్తా. బరాత్‌లకు డీజే వచ్చాక డప్పుకు పిలుపులు తగ్గాయి. మా చిన్నాయనకు కూడా తగ్గాయి. ఆ డీజే బండి మీద బాక్సులు ఎక్కించింది ఎవరు? నేనే. ఒకసారి మా చుట్టాల పెళ్లిలో ఇద్దరం ఉన్నాం. ఆయన డప్పు తీసుకుని బరాత్ ముందు నడుస్తున్నాడు, నేను వెనక బండి మీద ఉన్నాను. పాట మొదలైంది. బాస్ వచ్చింది. ఆయన చేయి ఆడుతూనే ఉంది, కర్ర పడుతూనే ఉంది, డప్పు మాత్రం వినపడట్లేదు. సినిమా సౌండ్ మ్యూట్ చేసినట్టు అనిపించింది. కొంచెం సేపు చూసి ఆయన డప్పు భుజం మీద నుంచి తీసి, పక్కకు పోయి కూర్చున్నాడు. నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తర్వాత నాకు ఒక ఆలోచన వచ్చింది. డప్పును కూడా సిస్టమ్‌కు కలిపితే? మామూలు మైకు పెట్టి చూశాం. బరాత్‌లో అది పనిచేయదు. మైకు గాలిలో ఉన్న శబ్దం అంతా పట్టుకుంటుంది, పక్కనున్న బాస్ బాక్సును కూడా పట్టుకుంటుంది. వెంటనే కూ అని కూత పెడుతుంది. అప్పుడే నెట్‌లో ఈ కాంటాక్ట్ పికప్ గురించి చూశాను. దీనికి గాలిలో శబ్దం దాదాపు వినపడదు. తనను దేనికి అంటించారో దాని వణుకు మాత్రమే తెలుస్తుంది. మా ఇల్లు రాందాస్ చౌరస్తా నుంచి ఎక్కువ దూరం లేదు. పొద్దంతా బండ్ల హారన్లే. ఫోన్‌లో ఏం రికార్డు చేసినా వెనక హారన్లు పడతాయి. ఈ బిళ్లతో చేస్తే హారన్ ఆనవాలు కూడా లేదు. స్టూడియో లేని మనలాంటి వాళ్లకు ఇదొక వరం.

హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో పీజో బిళ్లలు కొన్నాను. పెద్ద ఖర్చేం కాదు, ఛాయ్ బిస్కెట్ ఖర్చు. ఇత్తడి రంగులో, రూపాయి నాణెం అంత ఉంటుంది, మధ్యలో తెల్లటి పూత. పాడైపోయిన అలారం గడియారం విప్పినా, పాట పాడే గ్రీటింగ్ కార్డు విప్పినా చాలావాటిలో ఇదే దొరుకుతుంది. అక్కడ కరెంటు ఇస్తే వణికి శబ్దం చేస్తుంది. మనం తిరగేసి వాడుతున్నాం, వణికిస్తే కరెంటు ఇస్తుంది.

ఇంటికొచ్చి రెండు వైర్లు సోల్డర్ చేసి, 3.5 ఎం.ఎం. జాక్ పెట్టి, నేరుగా ఫోన్‌కు గుచ్చాను. బిళ్లను టేపుతో డప్పు మీద అంటించాను. చిన్నాయనను కొట్టమన్నాను. రికార్డు చేసి హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెట్టాను. విన్నాడు. తీసి నా చేతిలో పెట్టాడు.

"గిది డప్పు గాదురా, డబ్బా" అన్నాడు.

నిజమే. రేకు డబ్బా మూత మీద పుల్లతో కొట్టినట్టు టక్ టక్ టక్. కింది దుబ్బు మొత్తం పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు ఇలా అయిందని చదవడం మొదలుపెట్టాను. ఇక్కడ కొంచెం సైన్స్ ఉంది, భయపడకండి, చాలా సింపుల్.

పీజో బిళ్ల అనేది ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. మామూలుగా దొరికే 27 మిల్లీమీటర్ల బిళ్ల అయితే సుమారు 20 నానోఫారడ్లు ఉంటుంది. ఇందులో పుట్టే కరెంటు చాలా తక్కువ. దాన్ని మనం దేనికి కలుపుతామో, అది ఎక్కువ గుంజుకోకుండా ఉండాలి. నీళ్ల ట్యాంకుకు సన్న పైపు పెడితే నీళ్లు నిలుస్తాయి, లావు పైపు పెడితే నిండేలోపే ఖాళీ అవుతుంది కదా. ఫోన్ మైక్ ఇన్‌పుట్ లావు పైపు లాంటిది. దాని ఇంపీడెన్స్ రెండు కిలో ఓమ్స్ అటూ ఇటూ ఉంటుంది. లెక్క వేస్తే 4,000 హెర్ట్జ్ కంటే కింద ఉన్న శబ్దమంతా కిందికి పోయేకొద్దీ బలహీనపడిపోతుంది. డప్పు దుబ్బు ఎక్కడుంటుంది? మా చిన్నాయన డప్పుకు 200 హెర్ట్జ్ అటూ ఇటూ. అంటే డప్పు ప్రాణం మొత్తం ఆ పైపులో కారిపోయింది. కర్ర తగిలిన టక్ ఒక్కటి మిగిలింది.

మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్స్ అనుకుంటే 800 హెర్ట్జ్ నుంచి కిందికి తగ్గుతుంది. ఇదీ చాలదు. గిటార్ కోసం ఉండే ఇన్‌పుట్ అయితే 1 మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్స్. అప్పుడు 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మనిషి చెవికి వినపడేదే 20 హెర్ట్జ్ నుంచి. అంటే మొత్తం వస్తుంది. బిళ్ల అదే, డప్పు అదే, కొట్టే చేయి అదే. వినే వైపు మార్చాం, అంతే. నాకు ఈ ముక్క అర్థమైనప్పుడు నవ్వొచ్చింది. డప్పులో ఏమీ లేదనుకున్న చోట లోపం డప్పుది కాదు, వినేదానిది.

కాబట్టి మీరు చేయాలనుకుంటే మూడు దారులు. ఒకటి, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ అనో హై-జెడ్ అనో రాసి ఉన్న చోట పెట్టండి. రెండు, ఫ్రెండ్ దగ్గర గిటార్ పెడల్ ఏదైనా ఉంటే దాని ద్వారా పంపండి. మూడు, చిన్న బఫర్ సర్క్యూట్ చేసుకోండి. ఒక జెఫెట్ ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. సోల్డరింగ్ వచ్చిన ఐటీఐ దోస్తు ఎవరైనా ఉంటే ఒక్క సాయంత్రం పని. నేను మూడోది చేశాను.

ఒక జాగ్రత్త. బిళ్ల మీద నేరుగా కర్ర పడనివ్వకండి. గట్టి దెబ్బకు పెద్ద వోల్టేజీ పుడుతుంది, ఇన్‌పుట్ పాడవ్వచ్చు, బిళ్ల కూడా పగులుతుంది. ఆ తెల్ల పూతలో సీసం ఉంటుంది, పగిలిన ముక్కలు పిల్లల చేతికి ఇవ్వకండి. ఇంకో మాట, ఫెవిక్విక్ పెట్టి తోలుకు అంటించకండి. తీసేటప్పుడు తోలు లేస్తుంది. రెండువైపులా అంటుకునే టేపు చాలు. తాత చేతి డప్పు పోతే మళ్లీ రాదు.

సరే, బఫర్ పెట్టాక మళ్లీ చిన్నాయన దగ్గరకు పోయాను. ఈసారి ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే దెబ్బ కొట్టి ఆగాడు. ఇంకొకటి కొట్టాడు. "మల్ల పెట్టు" అన్నాడు. నాకు అంతే చాలనిపించింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆట మొదలైంది. బిళ్ల ఎక్కడ పెడితే ఏం వినిపిస్తుంది? తోలు మీద అంచుకు దగ్గరగా పెడితే దుబ్బు నిండుగా వస్తుంది. నడిమధ్య పెడితే బిళ్ల బరువుకు తోలు మూగబోతుంది. కట్టె చుట్టు మీద పెడితే దుబ్బు తగ్గి, కర్ర నడక స్పష్టంగా వినిపిస్తుంది. డప్పు కొట్టేవాళ్లకు రెండు కర్రలు కదా, కుడిచేతిలో లావుది సిర్ర, ఎడమచేతిలో సన్నది చిటికెన పుల్ల. బయట నిలబడి వింటే సిర్రే రాజు. కట్టె మీద బిళ్ల పెడితే చిటికెన పుల్ల ముందుకొస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆయన డప్పు వింటున్నా, ఎడమచేయి అంత మాట్లాడుతుందని నాకు తెలియదు. సన్నటి చినుకులు పడ్డట్టు ఆగకుండా ఉంటుంది.

డప్పు వెనక తోలు వార్లు లాగి కట్టిన ఇనుప రింగు ఉంది. దానికి పెడితే గుడి గంట దూరంలో మోగినట్టు. ఇక బిళ్లను సిర్రకే చుట్టేస్తే? అప్పుడు కర్ర దేన్ని తాకితే దాని గొంతు వినిపిస్తుంది. చిన్నాయన నవ్వుకుంటూ డప్పును కొట్టాడు, గోడను కొట్టాడు, బిందెను కొట్టాడు, చివరికి నా వీపు మీద కూడా ఒకటి వేశాడు. అన్నీ రికార్డయ్యాయి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది డప్పు కాపుడు. తెలియనివాళ్ల కోసం చెప్తా. డప్పు కొట్టేముందు గడ్డి మంటో, కాగితాల మంటో వేసి దాని సెగకు డప్పు చూపిస్తారు. మేక తోలు గాలిలో తడిని పీల్చుకుని వదులవుతుంది, వానాకాలంలో అయితే ఇంకా ఎక్కువ. సెగ తగిలితే తడి ఆరి తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. తోలు బిగువు నాలుగింతలు అయితే శ్రుతి రెండింతలు అవుతుందని ఫిజిక్స్ చెప్తుంది. మా చిన్నాయనకు ఆ లెక్క తెలియదు. కానీ మంట దగ్గర వేలితో తట్టి, ఇంకా కొంచెం, ఇంకా కొంచెం, చాలు అని ఆపే చోటు ప్రతిసారీ ఒకటే.

పెళ్లివాళ్లెవరూ ఈ భాగం వినరు. వాళ్లు వచ్చేసరికి డప్పు కాగి ఉంటుంది. మంట చుట్టూ నలుగురు డప్పోళ్లు కూర్చుని ఉంటారు, అంతే. నేను బిళ్లను మంటకు దూరంగా ఉండే వైపు కట్టెకు పెట్టాను. మరీ వేడెక్కితే సోల్డర్ కరిగిపోతుంది, టేపు జారిపోతుంది. ఆయన సెగకు చూపిస్తూ నాలుగైదు సెకన్లకు ఒకసారి వేలితో తట్టాడు. మొదట బురదలో అడుగేసినట్టు దబ్. తర్వాత దుబ్. తర్వాత డమ్. చివరికి ఠణ్. మధ్యమధ్యలో ఆయన చేయి కట్టె మీద జరిగిన రాపిడి. నాలుగు నిమిషాలు. తాళం లేదు, పాట లేదు, డాన్స్ స్టెప్పు లేదు. ఒక తోలు నిద్ర లేచినట్టు ఉంది.

ఇప్పుడు నా తప్పు చెప్తానన్నాను కదా. ఆ నాలుగు నిమిషాలను అదే రాత్రి అప్‌లోడ్ చేశాను. టైటిల్‌లో ప్రయోగాత్మక సంగీతం అని రాసి నా పేరు పెట్టాను. చిన్నాయనను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు, ఇంట్లో మనిషే కదా అనుకున్నా. పొద్దున లేచేసరికి కొంతమంది షేర్ చేశారు, బాగుందన్నారు. ఒకతను దాన్నుంచి ఒక ముక్క కోసి, బీట్ కలిపి, తన రీల్‌కు వాడుకున్నాడు. నేను సంబరంగా ఆ రీల్ చిన్నాయనకు చూపించాను. ఎవరో పిల్లలు ఆ చప్పుడుకు ఎగురుతున్నారు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూశాడు.

"గిప్పుడు నా చేతి చప్పుడు ఎవల దగ్గరున్నది?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తాత ముత్తాతల నుంచి పిలిచినప్పుడు పోయి కొట్టి, కొట్టాక బయట నిలబడ్డ చప్పుడు అది. ఇప్పుడు నేను కూడా అదే చేశాను. చప్పుడు తీసుకున్నా, మనిషిని బయట ఉంచా.

ఆ వీడియో తీసేశాను. రీల్ చేసినతనికి మెసేజ్ పెడితే అతనూ తీసేశాడు, పాపం అతనికి మాత్రం ఏం తెలుసు. తర్వాత చిన్నాయన దగ్గర కూర్చుని మొత్తం విడమరిచి చెప్పాను. పెడితే ఎవరెవరు వింటారు, కోసుకోవచ్చా వద్దా, ఎప్పుడైనా పైసలు వస్తే ఎట్లా పంచుకోవాలి. ఆయన ఒప్పుకున్నాక మళ్లీ పెట్టాను. ఇప్పుడు ఆయన పేరు ముందు, నా పేరు తర్వాత. ఈ ఎపిసోడ్‌లో కూడా నీ పేరు చెప్పాలా అని అడిగితే, "పాటకు పెట్టు బిడ్డా, ముచ్చటకు ఎందుకు" అన్నాడు. అందుకే ఇక్కడ చెప్పట్లేదు.

ఈ సంఘటన తర్వాత నాకు ఒక తేడా అర్థమైంది. మీరు ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు చూసే ఉంటారు. వాటిలో చాలావాటి లోపల ఉండేది కూడా ఈ పీజో బిళ్లే. కానీ అక్కడ దాన్ని అడిగే ప్రశ్న వేరు. దెబ్బ ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది, ఇంతే అడుగుతారు. జవాబు రాగానే ముందే దాచిపెట్టిన ఇంకెవరిదో డప్పు చప్పుడు మోగుతుంది. కొట్టేది ఎవరైనా ఒకటే. కాంటాక్ట్ పికప్‌గా వాడితే మాత్రం అదే బిళ్ల ఎవరు కొట్టారు, ఏ వేలు తగిలింది, తోలు ఎంత కాగింది, అన్నీ చెప్తుంది. ఒక పద్ధతిలో మా చిన్నాయన అక్కర్లేదు. ఇంకో పద్ధతిలో మా చిన్నాయన లేకపోతే ఏమీ లేదు. బిళ్ల ధర రెండింటికీ ఒకటే.

ఇక చివరి ప్రయోగం. నిజానికి ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఇదే.

1960లలో అమెరికాలో మాక్స్ న్యూహౌస్ అని ఒక పెర్కషన్ కళాకారుడు ఉండేవాడు. జాన్ కేజ్ అనే స్వరకర్త 1958లో చేసిన ఫోంటానా మిక్స్ అనే రచనను ఆయన తనదైన పద్ధతిలో వాయించాడు. కాంటాక్ట్ మైకులను తాళవాద్యాల మీద పెట్టి, ఆ వాద్యాలను పెద్ద స్పీకర్ల ముందు నిలబెట్టాడు. స్పీకర్ చప్పుడుకు వాద్యం వణుకుతుంది, ఆ వణుకు మైకులోకి పోతుంది, మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది, మళ్లీ వాద్యం వణుకుతుంది. తిరగలి తిరిగినట్టు. మనం స్టేజీ మీద మైకు కూత పెడితే చెవులు మూసుకుంటాం, ఆయన ఆ కూతనే సంగీతం చేశాడు. ఈ జాన్ కేజ్ కూడా 1960లో కార్ట్రిడ్జ్ మ్యూజిక్ అని ఒకటి చేశాడు. గ్రామఫోన్ ముల్లు పెట్టే చోట అగ్గిపుల్లలు, ఈకలు లాంటివి గుచ్చి, మామూలుగా చెవికి ఆనని సన్న చప్పుళ్లను స్పీకర్లలో వినిపించాడు.

ఇది చదివాక నేను డీజే వాళ్లను అడిగి ఒక చిన్న బాక్సు ఇంటికి తెచ్చాను. పగటిపూటే. డప్పును కుర్చీ మీద బాక్సుకు ఎదురుగా నిలబెట్టాను. బిళ్ల అంచు దగ్గర పెట్టాను. వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా, చాలా మెల్లగా పెంచాను. ఇది మీరు చేస్తే గుర్తుపెట్టుకోండి, హెడ్‌ఫోన్స్‌తో అస్సలు చేయొద్దు, చేయి వాల్యూమ్ బటన్ మీదే ఉండాలి. కూత ఒక్కసారిగా లేస్తుంది, చెవి పోతుంది, బాక్సులో కాయిల్ కాలుతుంది.

ఒక చోటికి రాగానే డప్పు మూలగడం మొదలుపెట్టింది. ఎవరూ కొట్టలేదు. కర్ర లేదు. ఊఁ అని లోతుగా, ఊపిరి ఆగకుండా. చిన్నాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనకు కొన్నాళ్లుగా జబ్బ నొప్పి. డప్పు భుజానికి వేసుకుని గంటసేపు కొట్టలేడు. పిలుపులు తగ్గాయని చెప్పాను కదా, వచ్చిన ఒకటీ అరా కూడా ఆయన వద్దంటున్నాడు. మా ఇంట్లో ఎవరమూ దాని గురించి మాట్లాడం.

ఆయన వచ్చి స్టూలు లాక్కుని డప్పు పక్కన కూర్చున్నాడు. అరచేయి తోలు మీద పెట్టాడు. గొంతు ఆగింది. కొంచెం లేపాడు, మళ్లీ వచ్చింది, ఈసారి పైకి. అరచేయి పక్కకు జరిపాడు, గొంతు రెండుగా చీలింది. వేళ్లతో అంచు నొక్కాడు, సన్నగా అయింది. నేను అదే పని అంతకుముందు చేసి చూశాను. నా చేతికి కూత వచ్చింది, అంతే. ఆయన చేతికి పది నిమిషాల్లో అది ఏడుపులా వచ్చింది, జోల పాటలా వచ్చింది, ఒకచోట ఏడుపాయల జాతరలో దూరం నుంచి వచ్చే జనం హోరులా వచ్చింది. నలభై ఏళ్లు తోలు మీద ఉన్న చేయి అది. ఎక్కడ నొక్కితే తోలు ఏమంటుందో దానికి తెలుసు. మిషన్‌కు ఆ సంగతి నేర్పాల్సిన పని లేదు, బిళ్ల వింటుంది.

అయిపోయాక వాల్యూమ్ దించాను. ఆయన చేయి దులుపుకుంటూ అన్నాడు, "గిది కొట్టుడు గాదు, పట్టుడు."

ఆ బాక్సు బరాత్‌లలో ఆయన డప్పును మింగిన బాక్సుల్లాంటిదే. ఆరోజు అదే బాక్సు ఆయన చేతి కింద ఉంది.

ఇక్కడ సినిమా ముగింపు చెప్తే బాగుంటుంది కానీ అబద్ధం చెప్పను. దీనివల్ల ఆయనకు పెళ్లి పిలుపులు తిరిగి రాలేదు. జబ్బ నొప్పి తగ్గలేదు. మెదక్‌లో బరాత్‌లు ఇంకా డీజేలతోనే నడుస్తున్నాయి. మా ఇంటికి ఎదురుగా ఉండే పెద్దాయన అయితే ఆ మూలుగు విని "ఏందిరా, డప్పుకు దయ్యం పట్టిందా" అన్నాడు. మారింది ఒక్కటే. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి డప్పు గోడకు వేలాడట్లేదు, కిందికి దిగి ఉంటోంది. బిళ్ల కొత్త చోట అంటించి ఉంటోంది. ఆయనే అంటిస్తున్నాడు. మొన్న అడిగితే, తోలు రెండువైపులా రెండు బిళ్లలు పెడితే ఎట్లుంటది, తెచ్చిపెట్టు అన్నాడు. ఈ ఆదివారం కోఠి పోతున్నా.

మీకు చెప్పేది ఒకటే. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరో ఒకరి దగ్గర ఇలాంటి వాద్యం ఉంటుంది. డప్పు కావచ్చు, ఒగ్గు కథ డోలు కావచ్చు, తీగ లాగి వాయించే జమిడిక కావచ్చు. ఏమీ లేకపోతే బియ్యం చెరిగే చాట ఉంటుంది, దాని మీద గింజలు పడే చప్పుడు బిళ్లతో విని చూడండి. బిళ్లకు పెద్ద ఖర్చేం కాదు. బిళ్ల అంటించే ముందు ఆ మనిషి పక్కన కూర్చోండి. ఎందుకు రికార్డు చేస్తున్నారో చెప్పండి. మొదట ఆయనకో, ఆమెకో వినిపించండి, తర్వాతే లోకానికి. పేరు రాసేటప్పుడు వాళ్ల పేరు పైన రాయండి.

ఇంకో మాట. రికార్డింగ్‌లో వాళ్లు కొట్టే ముందు, కొట్టిన తర్వాత వచ్చే చప్పుళ్లు కోసేయకండి. కర్ర చేతిలో సర్దుకున్న చప్పుడు, మంట దగ్గర వేలితో తట్టిన చప్పుడు, ఊపిరి. నేను మొదట్లో అవన్నీ కోసేసి దెబ్బలు మాత్రమే ఉంచేవాణ్ణి. ఇప్పుడు నా ఫోన్‌లో నేను ఎక్కువసార్లు వినేవి ఆ కోయకుండా మిగిలినవే.

మళ్లీ కలుద్దాం. అప్పటికి రెండు బిళ్లల సంగతి ఏమైందో చెప్తా. నమస్తే.